పానగల్, ఘణపురం, కోయిలకొండ: దక్షిణ తెలంగాణ కోటల యుద్ధచరిత్ర

మధ్యయుగ దక్కను చరిత్రలో గుల్బర్గా, బీదరు, విజయనగరం, గోల్కొండ వంటి రాజధానుల పేర్లు వినిపించినంతగా పానగల్, ఘణపురం, కోయిలకొండ, దేవరకొండ, రాచకొండ, భువనగిరి వంటి కొండకోటల పేర్లు వినిపించవు. అయినా 14వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం దాకా ఆ రాజధానుల జయాపజయాలు చాలాసార్లు ఈ కోటల కిందనే తేలాయి. మూసీకి, కృష్ణకు నడుమ పరచుకున్న నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతం ఎర్రచెలకల మెట్టసీమ. ఇక్కడ వాన తక్కువ, ఆ కాలంలో వరి చెరువుల కిందనే పండేది, తక్కిన నేలంతా జొన్న, సజ్జ వంటి మెట్టపంటలది. ఇటువంటి సీమ కోసం పెద్ద రాజ్యాలు తరతరాలుగా రక్తం చిందించడానికి దాని సంపద కంటే దాని స్థానమే ముఖ్యకారణం. ఉత్తరం నుంచి కృష్ణ రేవులకు దిగే సైన్యమైనా, రాయచూరు వైపు నుంచి ఓరుగల్లుకు ఎక్కే సైన్యమైనా ఈ నేల మీదుగానే నడవాలి. ఆ దారుల పొడుగునా నల్లరాతి గుట్టలు నిటారుగా లేచి ఉంటాయి కనుక, కొండ ఎత్తునే మొదటి రక్షణగా చేసుకుని చుట్టూ ప్రాకారాలు కట్టిన గిరిదుర్గాలు ఇక్కడ సహజంగా పుట్టుకొచ్చాయి. కొద్దిమంది సైనికులు, నిండిన ధాన్యపుకొట్లు, ఎండని నీటిగుండం ఉన్న గిరిదుర్గం ఒక పెద్ద సైన్యాన్ని నెలల తరబడి నిలువరించగలదు. దాన్ని గెలవకుండా విడిచి ముందుకు సాగిన సేనానికి వెనుక నుంచి వచ్చే ధాన్యపు బండ్లు ఆగిపోతాయి.

ఈ కోటల కోసం జరిగిన పోరాటాలను మతయుద్ధాలుగా చెప్పడం చాలాకాలంగా వాడుకలో ఉంది. బహమనీ సుల్తానులు ఇస్లాం కోసం, విజయనగర రాయలు హిందూధర్మం కోసం పోరాడారని, 1565లో జరిగిన రాక్షసి తంగడి యుద్ధం ఆ పోరాటానికి ముగింపని పాఠ్యపుస్తకాల్లో చదివినవారు అనేకులు. ఆనాటి రచనల్లో ఈ అభిప్రాయానికి ఆధారాలు లేకపోలేదు; పారసీక చరిత్రకారులూ సంస్కృత శాసనకర్తలూ తమ ప్రభువుల యుద్ధాలను మతరక్షణగానే వర్ణించారు. అయితే దక్షిణ తెలంగాణ కోటల్లో ఎవరు ఎవరితో కలిసి ఎవరి మీద పోరాడారో వరుసగా పరిశీలిస్తే, మతం యుద్ధానికి భాషను ఇచ్చిందే కాని శత్రుమిత్రులను మాత్రం కోట, రేవు, పన్ను, పగ, వారసత్వం నిర్ణయించాయన్నది స్పష్టమవుతుంది. ఈ ప్రసంగం ఆ పరిశీలనకే పరిమితం.

ఇస్లాం ఈ సీమకు రాకముందే ఇక్కడ రాజ్యాల పోరూ, మతాల పోరూ రెండూ ఉన్నాయి. పానగల్లు, కందూరు, వర్ధమానపురం కేంద్రాలుగా పాలించిన కందూరు చోళులు కల్యాణి చాళుక్యులకు సామంతులు. నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్లులోని ఛాయాసోమేశ్వరాలయం, ఉదయసముద్రమనే పెద్ద చెరువు వారి కాలాన్ని గుర్తుచేస్తాయి. చాళుక్యుల బలం సన్నగిల్లగానే ఈ శైవ రాజుల మీదికి దండెత్తి వచ్చినవాడు మరొక శైవుడైన కాకతీయ రుద్రదేవుడు. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చోడ భీముని మీద అతని విజయాన్ని ఘనంగా వర్ణించింది. అదే కాలంలో కొలనుపాకలో మతాల మధ్య ఘర్షణ వేరొక రూపంలో సాగింది. జైనులకు ప్రసిద్ధ తీర్థమైన ఆ ఊరు క్రమంగా వీరశైవులకు పీఠస్థానమైంది. నేటికీ అక్కడ జైనమందిరం, సోమేశ్వరాలయం రెండూ నిలిచి ఉన్నా, ఒక మతం వెనక్కి తగ్గి మరొక మతం ముందుకు వచ్చిన కాలంలో పోటీ ఎంత తీవ్రంగా ఉండేదో వీరశైవ సాహిత్యమే చెబుతుంది. కనుక మతవైరమనేది తురుష్కులతోనే ఈ నేలకు వచ్చిందనడం, అంతకుముందున్నదంతా సామరస్యమేననడం చరిత్రకు నిలవవు.

1323లో ఢిల్లీ సుల్తాను కుమారుడు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును జయించి కాకతీయ రాజ్యాన్ని అంతం చేసిన తరువాత ఏర్పడిన పరిస్థితిని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం వర్ణిస్తుంది. ఆలయాల ధ్వంసం, అగ్రహారాల హరణం, గోవధ, ప్రజల పీడన అందులో వరుసగా కనిపిస్తాయి. దక్కను చరిత్రలో మతబాధను ఇంత తీవ్రంగా చెప్పిన శాసనాలు కొన్నే ఉన్నాయి, దానిని తేలికగా తీసివేయడం తగదు. అయితే ఆ శాసనం వేయించిన వంశంలోనే, ప్రోలయ తరువాత ఓరుగల్లును ఏలిన కాపయనాయకుడు ఢిల్లీ మీద తిరుగుబాటు చేసిన ముస్లిం అమీరులకు సైన్యసహాయం పంపాడు. ఆ తిరుగుబాటు ఫలితంగానే 1347లో అల్లావుద్దీన్ హసన్ బహమన్ షా రాజ్యం స్థాపించాడు. ఢిల్లీ అధికారం దక్కను నుంచి తొలగడం కాపయకూ హసన్‌కూ సమానంగా అవసరం కనుక ఆ స్నేహం పుట్టింది; ఢిల్లీ తొలగిపోగానే ఆ అవసరమూ తీరింది. కొద్ది ఏళ్లలోనే బహమనీలు కౌలాసు కోటను, తరువాత మహమ్మద్ షా కాలంలో గోల్కొండను కాపయ నుంచి తీసుకున్నారు. చివరికి సుమారు 1368లో ఓరుగల్లు సమీపాన భీమవరం దగ్గర కాపయను చంపినది మాత్రం సుల్తాను సైన్యం కాదు, నల్లగొండ సీమకు చెందిన రేచర్ల పద్మనాయకులు.

ఈ రేచర్లవారి కథ లేకుండా దక్షిణ తెలంగాణ మధ్యయుగం అర్థం కాదు. కాకతీయుల సేనానులుగా ఎదిగిన ఈ వెలమ వంశంలో మొదటి సింగమనాయకుడు 1361లో జల్లిపల్లి కోట ముట్టడి సందర్భంలో హతుడయ్యాడు. అతని కొడుకులు అనపోతనాయకుడు, మాదానాయకుడు తండ్రిని చంపించిన వారి మీద పగ తీర్చుకున్న తీరును వెలుగోటివారి వంశావళి రణకుడుపు అనే క్రతువుతో సహా వర్ణిస్తుంది. యుద్ధభూమిలో శత్రువుల నెత్తురు కలిపిన అన్నాన్ని భూతాలకు బలిగా సమర్పించడం రణకుడుపు. ఇక్కడ చంపినవారూ చచ్చినవారూ ఒకే దేవతలను కొలిచినవారే. తరువాత అన్న అనపోతనాయకుడు రాచకొండను, తమ్ముడు మాదానాయకుడు దేవరకొండను రాజధానులుగా చేసుకున్నారు. సున్నం లేకుండా పెద్ద పెద్ద రాళ్లను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన రాచకొండ ప్రాకారాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అనపోత కొడుకు రెండవ సింగమనాయకుడు, అంటే సర్వజ్ఞ సింగభూపాలుడు, రసార్ణవసుధాకరమనే అలంకారగ్రంథాన్ని సంస్కృతంలో రచించాడు. రసభేదాలను, నాటకలక్షణాలను అంత సూక్ష్మంగా విచారించిన రాజు తన ఏలుబడిలో కోటల ముట్టడులూ, దండయాత్రలూ నడిపినవాడే.

రాచకొండ, దేవరకొండ ప్రభువులకు తూర్పున కొండవీటి రెడ్లు, దక్షిణాన విజయనగర రాయలు, పడమర బహమనీ సుల్తానులు ఉండేవారు. రెడ్లతో వారిది తరాల వైరం. రెండవ హరిహరరాయల కూతురు హరిహరాంబ కొండవీటి రాజ్యంలో కీలకస్థానంలో ఉన్న కాటయవేముని ఇంటి కోడలు కావడంతో విజయనగరమూ రెడ్లూ ఒక పక్షమయ్యారు. ఇక మిగిలిన పెద్ద శక్తి బహమనీలే కనుక పద్మనాయకులు వారితో చెలిమి చేశారు. 14వ శతాబ్దపు చివర విజయనగర యువరాజు రెండవ బుక్కరాయలు కృష్ణ దాటి రాచకొండ రాజ్యం మీదికి వచ్చినప్పుడు, కొత్తకొండ దగ్గర బహమనీ సైన్యం పద్మనాయకుల పక్షాన నిలిచింది. తరువాతి దండయాత్రలో మాత్రం విజయనగరం పానగల్ కోటను చేజిక్కించుకుంది. కృష్ణకు ఉత్తరాన తొలిసారిగా తమకు గట్టి పట్టు దొరికిందని రాయలు సంతోషించి ఉండవచ్చు. ఉత్తరాన ఉన్న సుల్తానుకు మాత్రం అదే పానగల్ నిద్రపట్టనివ్వని సమస్య అయింది.

పానగల్ పేరుతో ఈ సీమలో రెండు ఊళ్లున్నాయి. ఒకటి ఇంతకుముందు చెప్పిన నల్లగొండ పక్కనున్న పానగల్లు, రెండవది వనపర్తి సమీపంలో కృష్ణానదికి దగ్గరగా ఉన్న కొండకోట. పారసీక గ్రంథాల్లో పేరు మాత్రమే ఉండడంతో చరిత్రకారులు కొందరు దానిని నల్లగొండ పానగల్లుగానూ, కొందరు వనపర్తి పానగల్‌గానూ నిర్ణయించారు. ఏది అయినా, ఫిరోజ్ షా బహమనీ 1417 ప్రాంతంలో ప్రారంభించిన పానగల్ ముట్టడి ఈ సీమ యుద్ధచరిత్రలో పెద్ద ఘట్టం. ఫిరోజ్ షా సామాన్యుడు కాడు. అనేక భాషలు తెలిసినవాడు, ఖగోళశాస్త్రంలో ఆసక్తి కలవాడు, అంతకు పదేళ్ల కిందటే విజయనగర చక్రవర్తి మొదటి దేవరాయల కూతురిని పెండ్లాడి బంకాపురాన్ని కట్నంగా పొందాడని ఫెరిస్తా రాశాడు. అంటే పానగల్ కింద తలపడినవారు వరుసకు మామా అల్లుళ్లు. రెండేళ్లు సాగిన ముట్టడిలో సుల్తాను సైన్యానికి అంటువ్యాధి సోకింది, మనుషులూ గుర్రాలూ కూలాయి, అమీరులు తమ బలగాలతో జారుకున్నారు. ఆ సమయానికి రాచకొండవారు కూడా పక్షం మార్చి దేవరాయల వైపు వచ్చారు. బహమనీలు అప్పటికే కొండవీటి రెడ్లతో దగ్గరవుతుండడమే ఆ మార్పుకు కారణమని చరిత్రకారులు చెబుతారు. రెడ్లు ఎటు ఉంటే వెలమలు దానికి ఎదుటివైపు ఉండడమన్నది ఆనాటి రాజకీయంలో దాదాపు నియమం. దేవరాయలు వచ్చి పడడంతో ఫిరోజ్ షా ఓడి వెనుదిరిగాడు. ఆ ఓటమి నుంచి అతడు తేరుకోలేదు, 1422లో తమ్ముడు అహమ్మద్ షాకు సింహాసనం వదులుకున్నాడు.

ఈ యుద్ధాన్ని గురించి ఫెరిస్తా రాసిన తీరు గమనింపదగినది. గెలిచిన విజయనగర సైన్యం ముస్లిములను ఊచకోత కోసిందని, తలలతో తిన్నె కట్టిందని, మసీదులను పడగొట్టిందని అతడు రాశాడు. మరి కొద్ది పేజీల తరువాత అహమ్మద్ షా దండయాత్రను వర్ణిస్తూ, చంపినవారి సంఖ్య 20,000కు చేరినప్పుడల్లా సుల్తాను ఆగి మూడు రోజులు పండుగ చేసేవాడని అంతే ఉత్సాహంతో రాశాడు. ఫెరిస్తా ఈ చరిత్రను బిజాపూరు ఆస్థానంలో, 17వ శతాబ్దపు ప్రారంభంలో, అంటే యుద్ధం జరిగిన దాదాపు రెండువందల ఏళ్లకు కూర్చాడు. ఆ సంఖ్యలను లెక్కగా తీసుకోవడం కష్టం. తన ప్రభువుల పూర్వులను మతవీరులుగా నిలబెట్టడం ఆనాటి ఆస్థాన చరిత్రకారుని ధర్మం. అంతమాత్రాన హింస జరగలేదనుకోవడమూ పొరపాటే. ఊళ్లు తగలబడ్డాయి, ఆడవారూ పిల్లలూ బందీలయ్యారు, చెరువుల కట్టలు తెగాయి; ఆ బాధ ఏ ఆస్థానకవి కావ్యంలోకీ ఎక్కని రైతులది. కోటలో ఉన్నవాడు ఎవడైనా పన్ను కట్టవలసినదీ, సైన్యానికి గింజలు కొలవవలసినదీ, గుర్రాలకు గడ్డి మోయవలసినదీ వారే.

పానగల్‌లో గెలిచినా విజయనగరానికి తన బలహీనత తెలియకపోలేదు. బహమనీ అశ్వికదళం, గుర్రం మీద నుంచే విల్లు వేసే తురుష్క విలుకాండ్రు తమ వద్ద లేకపోవడమే వరుస ఓటములకు కారణమని రెండవ దేవరాయల కాలంలో గుర్తించారు. ఆయన ముస్లిం సైనికులను కొలువులోకి తీసుకున్నాడు, రాజధానిలో వారికి మసీదు కట్టించాడు, వారు మతభంగం లేకుండా నమస్కరించడానికి వీలుగా సింహాసనం ముందు ఖురానును ఉంచాడని ఫెరిస్తా రాశాడు. 1430 నాటి శాసనం ఒకటి ఆయన కొలువులో పదివేలమంది తురుష్క రౌతులున్నారని చెబుతుంది. ఆ తరువాత విజయనగరానికీ సుల్తానులకూ జరిగిన యుద్ధాల్లో రెండు వైపులా ముస్లిములు, రెండు వైపులా తెలుగు, కన్నడ నాయకులు ఉన్నారు.

దేవరకొండ దగ్గర జరిగిన మరో యుద్ధం ఈ చిత్రానికి మూడవ శక్తిని చేర్చింది. 1455లో జలాల్ ఖాన్ అనే బహమనీ ప్రముఖుడు నల్లగొండలో స్వతంత్రుడినని ప్రకటించుకోగా సుల్తాను సైన్యం అతనిని అణచివేసింది. తెలంగాణలో అలజడి మాత్రం ఆగలేదు. హుమాయూన్ షా బహమనీ సింహాసనమెక్కాక, అలజడిలో చేయి ఉన్న దేవరకొండ ప్రభువు రేచర్ల లింగమనాయకుని శిక్షించడానికి ఖ్వాజా జహాన్, నిజాముల్‌ముల్క్ అనే ఇద్దరు సేనానులను పంపాడు. కోట ముట్టడి బిగుసుకున్నప్పుడు లింగమనాయకుడు ఒరిస్సా పాలకుడు కపిలేశ్వర గజపతిని ఆశ్రయించాడు. గజపతి కుమారుడు హంవీరుని సైన్యం బయట నుంచి, కోటలోని దండు లోపల నుంచి ఒక్కసారిగా పడడంతో బహమనీ సైన్యం చెల్లాచెదురైంది. ఓడిన సేనానులు ఒకరి మీద ఒకరు నెపం వేసుకున్నారు. మరుసటి ఏడు, 1460లో, గజపతులు ఓరుగల్లు కోటను ఆక్రమించారు. ఆనాటి తెలుగువారు ఈ మూడు పెద్ద శక్తులను అశ్వపతి, గజపతి, నరపతి అని వ్యవహరించారు: గుర్రాల బలమున్న సుల్తాను, ఏనుగుల బలమున్న ఒరిస్సా రాజు, కాల్బలమున్న విజయనగర ప్రభువు. ఆ విభజనకు ఆధారం సేనాబలం. గజపతీ నరపతీ ఒకే మతానికి చెందినవారైనా ఒకరినొకరు అశ్వపతిని ద్వేషించినంతగానే ద్వేషించారు. శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్రను చెప్పే శాసనాల్లో ఆయన గజపతి పక్షం నుంచి గెలుచుకున్న తెలంగాణ గిరిదుర్గాల పట్టిక ఉంది. అనంతగిరి, ఉర్లుగొండ, ఆరువపల్లి, జల్లిపల్లి, నల్లకొండ పేర్లు అందులో కనిపిస్తాయి. నల్లకొండ అంటే నేటి నల్లగొండ.

బహమనీ రాజ్యం ముక్కలైనప్పుడు తెలంగాణ తరఫ్‌దారుగా, అంటే ఆ రాష్ట్రభాగానికి అధికారిగా, ఉన్న తురుష్క ప్రభువు సుల్తాన్ కులీ గోల్కొండ కేంద్రంగా కుతుబ్‌షాహీ వంశాన్ని స్థాపించాడు. ఈ వంశపు నాలుగవ పాలకుడైన ఇబ్రహీం కుతుబ్ షా జీవితం దక్షిణ తెలంగాణ కోటల మధ్యనే నడిచింది. మతయుద్ధమనే సిద్ధాంతానికి ఆ జీవితమే గట్టి పరీక్ష. 1543లో వృద్ధుడైన సుల్తాన్ కులీ హత్యకు గురై కొడుకు జంషీద్ సింహాసనమెక్కినప్పుడు, చిన్నకొడుకు ఇబ్రహీం దేవరకొండ కోటకు అధికారిగా ఉన్నాడు. అన్న చేతిలో తనకూ చావు తప్పదని గ్రహించి అతడు దేవరకొండ విడిచి మొదట బీదరుకు, అక్కడా నిలవలేక విజయనగరానికి పారిపోయాడు. అప్పుడు విజయనగరంలో అధికారమంతా అళియ రామరాయలది. రామరాయలు ఆ యువకుడిని ఆదరించి జాగీరు ఇచ్చాడు. జాగీరు అంటే సైన్యపోషణకు ప్రతిగా ఇచ్చే భూమి ఆదాయం. ఆ జాగీరు అంతకుముందు అంబర్ ఖాన్ అనే హబ్షీ, అంటే అబిసీనియా మూలాలున్న, సర్దారుది. తన భూమి పోయిందన్న కోపంతో అంబర్ ఖాన్ ఇబ్రహీంను ద్వంద్వయుద్ధానికి పిలిచి అతని చేతిలోనే చనిపోయాడు. ఒక హిందూ చక్రవర్తి కొలువులో ఉన్న ఇద్దరు ముస్లిం ప్రభువులు భూమి కోసం కత్తులు దూసుకున్న ఆ సంఘటన ఆనాటి దక్కను స్వభావాన్ని గొప్ప యుద్ధవర్ణనల కంటే బాగా తెలుపుతుంది.

ఇబ్రహీం విజయనగరంలో ఏడేళ్లు ఉన్నాడు. 1550లో జంషీద్ చనిపోయి పసివాడైన కొడుకు పేరుకు రాజైనప్పుడు గోల్కొండలో వారసత్వపు పోరు మొదలైంది. ఆ పోరులో ప్రధానపాత్ర నాయకవాడీలది. కోటల కాపలాకు నియమితులైన తెలుగు నాయకుల కాల్బలాన్ని నాయకవాడీలనేవారు. గోల్కొండ నుంచి కోయిలకొండ దాకా కోటల తాళాలు నిజంగా వారి చేతిలోనే ఉండేవి. వారి పెద్ద జగదేవరావు మొదట భువనగిరి కోటలో బందీగా ఉన్న దౌలత్ కులీ అనే రాకుమారుడిని గద్దె ఎక్కించబోయి పట్టుబడ్డాడు. ఆ తరువాత నాయకవాడీల ఆహ్వానం మీద ఇబ్రహీం కృష్ణ దాటి పానగల్‌కు, అక్కడి నుంచి కోయిలకొండకు వచ్చాడు. కోయిలకొండలో కోట సిబ్బంది అతనికి విధేయులుగా ఉంటామని ప్రమాణం చేశారు. ఆ ప్రమాణాన్ని నమోదు చేసిన తెలుగు శాసనం అక్కడ ఉంది. హిందువులూ ముస్లిములూ ఒకే ప్రభువు కోసం ఒకే చోట ఒట్టు పెట్టుకున్నారన్నది దాని సారాంశం. 1550 జూలైలో ఇబ్రహీం గోల్కొండ సింహాసనమెక్కాడు. ఒక ముస్లిం సుల్తానుకు సింహాసనం ఇప్పించినవి విజయనగరపు ఆశ్రయం, తెలుగు నాయకవాడీల కత్తి.

ఆ స్నేహం కూడా నిలవలేదు. జగదేవరావు కొద్దికాలానికే ఇబ్రహీం మీద కుట్ర చేసి బయటపడి చివరకు రామరాయలను చేరాడు. రామరాయల విధానం సుల్తానులను ఒకరి మీద ఒకరిని నిలిపి అందరి పైన తాను నిలవడం. బిజాపూరు అలీ ఆదిల్ షాతో కలిసి అహమ్మద్‌నగరం మీద, అవసరమైతే గోల్కొండ మీద దండెత్తేవాడు. 1560ల మొదట్లో ఇబ్రహీం అహమ్మద్‌నగర సుల్తాను హుస్సేన్ నిజాం షా కూతురిని పెండ్లాడి అతని పక్షం చేరినందుకు రామరాయల సైన్యాలు గోల్కొండ రాజ్యంలోకి చొచ్చుకువచ్చాయి. సంధి కుదుర్చుకోవడానికి ఇబ్రహీం వదులుకోవలసి వచ్చిన కోటలు మూడు: కోయిలకొండ, ఘణపురం, పానగల్. మహబూబ్‌నగర్ సీమలో ఉత్తరం నుంచి దక్షిణానికి, గోల్కొండ దారి నుంచి కృష్ణ దాకా ఉన్న కావలి మొత్తం ఈ మూడింటిదే. తనను సుల్తానుగా అంగీకరించి ప్రమాణం చేసిన కోటనే ఇబ్రహీం పోగొట్టుకున్నాడు. ఆ తరువాత రామరాయల మీద సుల్తానులు కట్టిన కూటమిలో అతడు చేరడానికి ఈ నష్టం కంటే వేరే కారణం వెదకవలసిన పని లేదు.

1565 జనవరి 23న కృష్ణానది దగ్గర జరిగిన రాక్షసి తంగడి యుద్ధానికి ముందు సుల్తానులు తమ కూటమికి మతరక్షణే కారణమని ప్రకటించారు. అహమ్మద్‌నగరం మీదికి వెళ్లినప్పుడు రామరాయల సైనికులు మసీదులను అపవిత్రం చేశారని ఫెరిస్తా ఆరోపించాడు. ఆ ఆగ్రహం ప్రజల్లోనూ సైనికుల్లోనూ నిజంగా ఉండి ఉంటుంది, దానిని బూటకమనడం అన్యాయం. కాని కూటమిని నిజంగా బిగించినవి పెళ్లిళ్లు, కోటలు. హుస్సేన్ కూతురు చాంద్ బీబీ అలీ ఆదిల్ షాను పెండ్లాడింది. కట్నంగా షోలాపూరు కోట వెళ్లింది. అంతకు కొన్నేళ్ల ముందు అదే అలీ ఆదిల్ షా, రామరాయల కొడుకు చనిపోయినప్పుడు స్వయంగా విజయనగరానికి వెళ్లి పరామర్శించి అతని స్నేహం సంపాదించుకున్నాడు. మరొకవైపు రామరాయల సైన్యంలో ముస్లిం సేనానులున్నారు. యుద్ధం మధ్యలో ఇద్దరు ముస్లిం సేనానులు పక్షం మార్చడమే ఓటమికి కారణమని, రెండేళ్ల తరువాత విజయనగరానికి వచ్చిన వెనీసు వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. రామరాయలు పట్టుబడి హుస్సేన్ ఆజ్ఞతో తల కోల్పోయాడు, విజయనగరం దోపిడీకి గురైంది, కోయిలకొండ, ఘణపురం, పానగల్ తిరిగి గోల్కొండకు వచ్చాయి. ఐరోపాలోనూ ఇటువంటి చరిత్రే ఉంది: 1204లో శిలువయుద్ధానికని బయలుదేరిన క్రైస్తవ సైన్యం క్రైస్తవ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకుంది, 1453లో అదే నగరపు గోడలు కూల్చిన తురుష్క ఫిరంగిని పోతపోసినవాడు హంగరీ నుంచి వచ్చిన క్రైస్తవ శిల్పి.

రాజకీయమే ప్రధానమని చెప్పడం వల్ల ఆలయాలకు జరిగిన హాని చిన్నదైపోదు. తుంగభద్ర ఒడ్డున అలంపురంలో బాదామి చాళుక్యులు 7వ, 8వ శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మాలయాలు నిలిచాయి కాని, జోగులాంబ ఆలయం మధ్యయుగపు దాడుల్లో నేలమట్టమైందని స్థానిక సంప్రదాయం చెబుతుంది. అమ్మవారి విగ్రహాన్ని బాలబ్రహ్మేశ్వరాలయంలో దాచి శతాబ్దాల పాటు అక్కడే పూజించారు. 2005లో గాని ఆమెకు మళ్లీ సొంత గుడి ఏర్పడలేదు. ఆ ప్రాంగణానికి పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది, రెంటికీ భక్తులు వస్తారు. రాజ్యాన్ని కాపాడే దైవం ఉన్న గుడి శత్రువు దృష్టిలో కోటతో సమానం, దానిని కూల్చడం రాజును గద్దె దించినట్లు. అందుకే సరిహద్దు మీద ఉన్న గుళ్లు, రాజవంశాలు కొలిచిన గుళ్లు ఎక్కువగా దెబ్బతిన్నాయి. 1579లో అహోబిలం ఆలయం మీద దాడి చేసి రత్నాలు పొదిగిన విగ్రహాన్ని తెచ్చి ఇబ్రహీం కుతుబ్ షాకు సమర్పించిన సేనాని మురహరిరావు, బ్రాహ్మణుడు. కొల్లగొట్టిన చేయి ఏ మతానిదైనా, కోల్పోయిన భక్తుల దుఃఖం ఒక్కటే; ఆ దుఃఖాన్ని నిజాయితీగా చెప్పుకోవడానికీ, దానిని నేటి పొరుగువాడి మీద నేరంగా మోపడానికీ చాలా దూరం ఉంది.

అహోబిలాన్ని కొల్లగొట్టించిన ఇబ్రహీమే తెలుగు కావ్యాల్లో మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికి అంకితమిచ్చాడు. అతని ప్రభువుల్లో ఒకడైన అమీన్ ఖాన్ పొన్నెగంటి తెలగనార్యుని చేత తొలి అచ్చతెనుగు కావ్యం యయాతిచరిత్ర రాయించాడు. విజయనగరంలో గడిపిన ఏడేళ్లు, కోయిలకొండ నాయకవాడీల మధ్య గడిపిన రోజులు ఈ తెలుగు అభిమానానికి కారణమని చరిత్రకారులు భావిస్తారు. 1565 తరువాత విజయనగర రాజధాని పెనుగొండకు తరలి, గోల్కొండ సరిహద్దు కృష్ణకు దక్షిణంగా జరుగుతూ పోయింది. సరిహద్దు జరిగిన కొద్దీ ఈ మూడు కోటలు రాజ్యం నడిమధ్యకు వచ్చి యుద్ధప్రాముఖ్యాన్ని కోల్పోయాయి. 1687లో గోల్కొండ ఔరంగజేబుకు లొంగిపోయినప్పుడు మొగలుల దృష్టి అంతా గోల్కొండ మీదనే ఉంది. ఆ తరువాత నిజాముల పాలనలో ఈ సీమ గద్వాల, వనపర్తి, జటప్రోలు వంటి సంస్థానాల కింద నడిచింది. సంస్థానమంటే నిజాముకు పేష్కషు, అంటే ఏటేటా కప్పం, చెల్లిస్తూ లోపలి పరిపాలన తానే చేసుకునే హిందూ ప్రభువు ఏలుబడి. కొల్లాపురం రాజధానిగా జటప్రోలును ఏలిన సురభి వంశీయులు తమను రేచర్ల పద్మనాయకుల సంతతిగా చెప్పుకున్నారు. బహమనీలతో కలిసి విజయనగరాన్ని, విజయనగరంతో కలిసి బహమనీలను, గజపతులతో కలిసి మళ్లీ బహమనీలను ఎదిరించిన ఆ వంశం, ఆ మూడు సామ్రాజ్యాలూ గతించిన తరువాత కూడా హైదరాబాదు రాజ్యం చివరి రోజుల దాకా కృష్ణ ఒడ్డున తన సంస్థానాన్ని నిలుపుకుంది.